శాలువాలు వద్దు, సర్టిఫికెట్లు ఇప్పించండి



పోస్టు పెద్దది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. మధ్యలో కోపం వచ్చినా ఆపకండి, కింద తిట్టడానికి ఎలాగూ జాగా ఉంది.

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి మాకు సన్మానం చేస్తామని, ఫ్లెక్సీ మీద వెయ్యడానికి ఫొటోలు పంపమని సంఘం అన్నలు అడిగారు. స్టాఫ్ నర్సు పరీక్ష పాసై గవర్నమెంటు ఉద్యోగంలో చేరిన ముగ్గురం మేము. ఇద్దరం కోయ, ఒకరం కొండరెడ్డి. ఒకే నర్సింగ్ స్కూల్లో, ఒకే హాస్టల్ గదిలో చదివాం. ఫ్లెక్సీ మీద "మన ఏజెన్సీ ఆణిముత్యాలు" అని రాయిస్తామన్నారు. అన్నల ప్రేమకు దండం. కానీ ఫొటోలు పంపం. స్టేజీ ఎక్కం. ఎందుకో చెప్పాలనే ఈ పోస్టు.

ఆణిముత్యం అంటే వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికేది. మేము అట్లా అరుదుగా దొరకడమే కదా అన్నా అసలు జబ్బు? జబ్బుకు శాలువా కప్పితే నయమవుతుందా?

లెక్క చెప్తాం వినండి. 2015లో ఆ స్కూల్లో జీఎన్ఎం కోర్సుకు మన ఆదివాసీ పిల్లలం ఆరుగురం చేరాం. అందరం ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియం చదివి, ఇంటర్ గట్టెక్కిన వాళ్లమే. ఆరుగురిలో ఇవాళ నర్సులుగా రిజిస్టరై ఉద్యోగంలో ఉన్నది ముగ్గురం. మిగతా ముగ్గురు ఏరి? ఫ్లెక్సీలో వాళ్ల ఫొటోలకు జాగా ఉందా? వాళ్లకు తెలివి లేకనా, కష్టపడకనా? మాతోపాటు అదే గదిలో అదే లైటు కింద కూర్చున్నారు. వాళ్ల సంగతి చెప్పకుండా మా సంగతి చెప్పుకుంటే అది అబద్ధం కిందే లెక్క.

మొదటి ఏడాది సంగతి ముందు చెప్తాం, ఎందుకంటే మన పిల్లలు ఎక్కువగా విరిగేది అక్కడే.

బయో సైన్సెస్ మొదటి క్లాసులో మేడం గంటసేపు మాట్లాడింది. మాకు అర్థమైంది "ఓకే గర్ల్స్" అన్న మాట ఒక్కటే. ఇంటర్లో బైపీసీ తెలుగులో చదివాం. గుండెకు నాలుగు గదులని తెలుసు, రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో బొమ్మ వేసి చూపించగలం. కానీ కర్ణిక అని నేర్చుకున్నది అక్కడ ఏట్రియం అయిపోయింది, జఠరిక వెంట్రికిల్ అయిపోయింది. మెడలో ఒక కండరం పేరు స్టెర్నోక్లీడోమాస్టాయిడ్. ఆ పేరు నోరు తిరగక ఒకరినొకరం చూసి నవ్వుకున్నాం. పరీక్ష పేపర్లో అదే వస్తే ఏడ్చాం. తెలిసిన విషయమే తెలియని భాషలో అడిగితే మనకు చదువు రాదనే అనుకుంటాం. ఆ అనుకోవడం పెద్ద రోగం. మార్కుల కంటే ముందు అది మనిషిని పడుకోబెడుతుంది.

బట్టీ పట్టాం. అర్థం తెలియకుండా పేజీలకు పేజీలు పట్టాం. రాత్రి కరెంటు తీసేస్తే ఫోన్ లైటు పెట్టుకుని పట్టాం. ఒక మాట మర్చిపోతే దాని వెనకున్న పది లైన్లూ పోయేవి. మొదటి ఏడాది ఆరుగురిలో నలుగురం బయో సైన్సెస్ తప్పాం. సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి ఒకరింట్లో తునికాకు డబ్బులు వచ్చాయి. యాభై ఆకులకు ఒక కట్ట. మే నెల ఎండలో అమ్మ ఎన్ని కట్టలు కడితే ఒక సప్లిమెంటరీ ఫీజు అవుతుందో మాకు వేళ్ల మీద తెలుసు. ఇంకొకరింట్లో ఖమ్మం వైపు మిర్చి కోతకు పోయి తెచ్చారు.

"మీకేం, అంతా ఫ్రీ" అనే వాళ్లకు ఒక మాట. ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది, నిజమే. వచ్చినప్పుడు వస్తుంది. యూనిఫాం, బూట్లు, రికార్డు పుస్తకాలు, కేస్ స్టడీలు, ఊరికి దూరంగా ఉన్న ఆసుపత్రికి పోస్టింగ్ పడితే బస్సు ఛార్జీలు, పరీక్ష ఫీజు, సప్లిమెంటరీ ఫీజు, ఇవి ఏ రీయింబర్స్‌మెంట్లోనూ మాకు రాలేదు. ఫ్రీ అన్న మాట విని విని మా అమ్మానాన్నలు కూడా ఫ్రీయే అనుకున్నారు. డబ్బులు అడిగితే "ఫ్రీ అన్నారు కదా బిడ్డా" అనేవాళ్లు. వాళ్లకు ఏం చెప్పాలి?

ఇప్పుడు ఆ ముగ్గురి సంగతి.

మొదటి పిల్ల మొదటి ఏడాది మధ్యలోనే ఆగిపోయింది. దసరా సెలవులకు ఇంటికి పోయింది, పెళ్లి చేసేశారు. అందరూ ఆమె అమ్మానాన్నలను తిట్టారు, మేము కూడా తిట్టాం. కానీ ఇంటర్నల్ పరీక్షల్లో తప్పిందని స్కూలు నుంచి ఇంటికి ఫోన్ చేసి "మీ అమ్మాయికి ఇది అయ్యే పని కాదు, తీసుకుపోండి" అని చెప్పిన సంగతి మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. చదువు రాదని పెద్ద చదువులవాళ్లే చెప్పాక, పోడు చేసుకునే తండ్రి పెళ్లి గాక ఇంకేం ఆలోచిస్తాడు?

రెండో పిల్ల మా అందరిలోకి చురుకైనది. చేతిపనిలో ఆమె తర్వాతే మేము. మంచం మీద పేషెంటు ఉండగానే దుప్పటి మార్చడం, నరం దొరకని ముసలమ్మకు కూడా సూది పెట్టడం, ఏడ్చే పిల్లాడిని ఊరుకోబెట్టి జ్వరం చూడడం అన్నీ వచ్చు. వార్డులో మన భాష మాట్లాడే పేషెంటు వస్తే సిస్టర్లు ఆమెనే పిలిచేవాళ్లు. కానీ ఇంగ్లిష్ పేపరు ముందు చెయ్యి కదిలేది కాదు. బయో సైన్సెస్ రెండుసార్లు తప్పింది. మధ్యలో మలేరియా వచ్చి మూడు వారాలు ఇంట్లో పడింది. నర్సింగ్‌లో క్లినికల్ హాజరు ఒక్క రోజు తగ్గినా పూరించాలి. ఆ రోజులు పూరిస్తుంటే క్లాసులు పోయాయి, క్లాసులు పూరిస్తుంటే పరీక్ష వచ్చింది. ఒకరోజు అందరి ముందు ఒక టీచరు "రిజర్వేషన్ సీటు తెచ్చుకోవడం కాదు, నిలబెట్టుకోవాలి" అంది. ఆ రాత్రి పెట్టె సర్దుకుంది. తెల్లారి మేము డ్యూటీకి పోయి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పాలి. ఆ టీచరు ఆ మాట అన్నప్పుడు మేము ముగ్గురం అక్కడే ఉన్నాం. ఒక్కరం నోరు తెరవలేదు. ఇంటర్నల్ మార్కులు ఆ టీచరు చేతిలో ఉంటాయి కాబట్టి తల వంచుకుని నిలబడ్డాం. అప్పటికి హాస్టల్లో మన భాష మాట్లాడుకోవడం కూడా మానేశాం, నవ్వుతున్నారని. మాలో ఒకరం అయితే ఊరు అడిగితే మండలం పేరు దాచి భద్రాచలం టౌన్ అని చెప్పుకునే వాళ్లం. మా పాసు సర్టిఫికెట్లో ఆ మౌనం ధర కూడా ఉంది. అందుకే స్టేజీ ఎక్కాలంటే కాళ్లు రావడం లేదు.

మూడో పిల్ల సంగతి ఇంకా దారుణం. ఆమె తప్పలేదు. మూడేళ్లూ మాతోనే పాసైంది, మా కంటే మంచి మార్కులతో పాసైంది. ఈరోజుకీ ఆమె నర్సు కాదు. ఎందుకు కాదో గ్రూపులో చాలామందికి తెలీదు కాబట్టి వివరంగా చెప్తాం.

కోర్సు పాసైతే నర్సు అయిపోరు. స్టేట్ నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఆ నంబరు వచ్చాకే మనం చట్టప్రకారం నర్సు. ఆ నంబరు లేకపోతే గవర్నమెంటు నోటిఫికేషన్‌కు అప్లై చెయ్యలేం, మంచి ప్రైవేటు ఆసుపత్రి కూడా తీసుకోదు. రిజిస్ట్రేషన్‌కు ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలి. సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి? కాలేజీ బీరువాలో. ఎందుకున్నాయి? రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదు కాబట్టి. బకాయి ఎవరిది? ప్రభుత్వానిది. శిక్ష ఎవరికి? పిల్లకు.

ఇదీ లెక్క. ప్రభుత్వం కాలేజీకి బాకీ, తాకట్టు మాత్రం మన పిల్ల. వెట్టి పోయిందని పుస్తకాల్లో చదువుకుంటాం. తండ్రి అప్పుకు కొడుకుని పాలేరు పెట్టుకుంటే వెట్టి అన్నారు. సర్కారు అప్పుకు ఆడపిల్ల చదువును బీరువాలో పెట్టుకుంటే దాన్ని ఏమనాలి?

మా ముగ్గురి సర్టిఫికెట్లు ఎలా వచ్చాయంటారా? ఇంట్లోవాళ్లు అప్పు చేసి కట్టారు. ఒకరింట్లో కాడెద్దులు అమ్మారు. "రీయింబర్స్‌మెంట్ వచ్చాక మీ డబ్బు మీకు ఇస్తాం" అన్నారు. ఆ డబ్బు మాకు ఇంతవరకు రాలేదు. మూడో పిల్లకు తండ్రి లేడు, అమ్మడానికి ఎద్దులూ లేవు. ఆమె ఇప్పుడు ఒక టౌన్లో చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేస్తుంది. పని నర్సుది, జీతం ఆయాది. ఏదైనా పొరపాటు జరిగితే "ఈ అమ్మాయికి రిజిస్ట్రేషనే లేదు" అని మొత్తం ఆమె మీదకే తోస్తారని ఆమెకు తెలుసు. తెలిసి కూడా చేస్తుంది.

ఇక పరీక్ష సంగతి.

2022 డిసెంబరు 30న తెలంగాణ మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. రాత పరీక్షకు 80 మార్కులు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ మీద చేసిన సర్వీసుకు 20 మార్కులు. మామూలు ప్రాంతంలో ఆరు నెలల సర్వీసుకు 2 పాయింట్లు, గిరిజన ప్రాంతంలో చేస్తే 2.5 పాయింట్లు. 2023 ఆగస్టు 2న కంప్యూటర్ మీద పరీక్ష. 2024 జనవరి 31న అపాయింట్‌మెంట్ ఆర్డర్లు ఇచ్చారు.

మేము ముగ్గురం కోవిడ్ టైంలో ఏజెన్సీలోనే ఔట్‌సోర్సింగ్ మీద చేరాం. జీతం నెలనెలా వచ్చేది కాదు. పగలు డ్యూటీ, రాత్రి చదువు. ఊళ్లో సిగ్నల్ ఉండదు కాబట్టి వారానికి రెండుసార్లు గుట్ట ఎక్కి వీడియో క్లాసులు డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లం. ఈసారి బట్టీ పట్టలేదు. ఒక నోటుబుక్కులో మూడు గడులు గీసుకున్నాం. ఇంగ్లిష్ మాట, తెలుగు మాట, మన భాషలో దాన్ని పేషెంటుకు ఎలా చెప్తామో ఆ మాట. ఎడీమా అంటే వాపు, దాన్ని అవ్వకు ఎలా చెప్తాం? డీహైడ్రేషన్ అంటే ఒంట్లో నీళ్లు తగ్గడం, దాన్ని బిడ్డ తల్లికి ఎలా చెప్తాం? అట్లా రాసుకుంటూ పోతే, మొదటి ఏడాది మమ్మల్ని ఏడిపించిన పాఠాలు నాలుగు నెలల్లో లొంగాయి. మూడో గడి నింపడం మొదలుపెట్టాకే మొదటి గడి గుర్తుండడం మొదలైంది. 2015లో ఈ పని ఎవరైనా మాకు నేర్పి ఉంటే ఆ మంచం ఖాళీ అయ్యేది కాదు.

పాసయ్యాం. జాయిన్ అయ్యాం. జాయినైన వారానికే వినబడింది: "కోటా నర్సులు వచ్చారు."

దీనికి జవాబు చెప్పి తీరాలి. గ్రూపులో చదువుకునే చెల్లెళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోండి. రేపు మీకూ పనికొస్తుంది.

ఒకటి. సీటుకు రిజర్వేషన్ ఉంది. ఉద్యోగానికి రిజర్వేషన్ ఉంది. తెలంగాణలో ఎస్టీలకు 2022 సెప్టెంబరులో 6 నుంచి 10 శాతం చేశారు. ఎయిమ్స్ వాళ్లు 2020 నుంచి పెడుతున్న నార్సెట్‌లో జనరల్ వాళ్లకు 50 శాతం, ఓబీసీలకు 45, ఎస్సీ ఎస్టీలకు 40 అర్హత మార్కు. ఇవేవీ దాచాల్సిన పని లేదు. కానీ నర్సింగ్ కోర్సు పాసు మార్కుకు రిజర్వేషన్ లేదు. థియరీలో 50, ప్రాక్టికల్లో 50, ఎవరికైనా అంతే. కోయ పిల్లకైనా, కలెక్టరు కూతురికైనా 49 వస్తే ఫెయిలే. కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో ఎస్టీ నర్సు, ఓసీ నర్సు అని రెండు రకాలు లేవు. నర్సు అనే అర్హతలో మాకు ఎవరూ ఒక్క మార్కు కూడా తగ్గించలేదు. రిజర్వేషన్ మమ్మల్ని గుమ్మం దాకా తెచ్చింది. గుమ్మం ఎత్తు తగ్గించలేదు.

రెండు. వెయ్యి ఎంఎల్ సెలైన్ 8 గంటల్లో ఎక్కించాలి. ఎంఎల్‌కు 15 చుక్కలు పడే సెట్టు. నిమిషానికి ఎన్ని చుక్కలు? 31. ఎస్టీ నర్సు చేతిలోనూ 31, ఓసీ నర్సు చేతిలోనూ 31. అక్కడ తప్పితే పేషెంటు గుండె మీద పడుతుంది, కోటా కాపాడదు. మా చేతుల మీద అనుమానం ఉన్నవాళ్లు పక్కన నిలబడి చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు.

మూడు. మెరిట్ అంటే ఏమిటో తేల్చుకుందాం. ఏజెన్సీ ఆసుపత్రికి వచ్చే ముసలమ్మకు తెలుగే సరిగ్గా రాదు. కడుపులో నొప్పి అని చెయ్యి పెడుతుంది. ఆ నొప్పి ఎప్పట్నుంచి, తిన్నాక వస్తుందా తినక ముందా, పసరు మందు ఏమైనా తాగిందా, ఇవన్నీ అడగాలంటే ఆమె భాష కావాలి. భాష రాని నర్సు ఆయాను పిలుస్తుంది. ఆయా చెప్పింది డాక్టరు రాసుకుంటాడు. ఆ ఆయాకు దుబాసీ జీతం ఎవరైనా ఇస్తున్నారా? 2023 జులై 1న సికిల్ సెల్ రక్తహీనతను 2047 నాటికి లేకుండా చేస్తామని దేశం మొత్తానికి మిషన్ మొదలుపెట్టారు. ఆ జబ్బు ఎక్కువ మన ఆదివాసీల్లోనే. పెళ్లికి ముందు రక్తపరీక్ష ఎందుకో, ఇద్దరికీ ఆ లక్షణం ఉంటే బిడ్డకు ఏమవుతుందో మన ఇళ్లల్లో కూర్చుని ఎవరు చెప్తారు? ఇంగ్లిష్ పోస్టరు చెప్తుందా? మన భాష రావడం కూడా మెరిటే. ఏ పరీక్షలోనూ దానికి అర మార్కు లేదు, అంతే తేడా.

కొందరు అన్నలు అంటారు, ఏజెన్సీ పోస్టులన్నీ మనకే కావాలని పోరాడదాం అని. పోరాడదాం, కానీ కళ్లు తెరుచుకుని పోరాడదాం. 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ఏరియాలో టీచరు పోస్టులు నూటికి నూరు స్థానిక ఎస్టీలకే ఇచ్చింది. ఆ జీవో టీచర్లకే, నర్సులకు అది ఎప్పుడూ లేదు. దాన్ని కూడా 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి కొట్టేసింది. నూరు శాతం చెల్లదంది. ఆ తీర్పు మనకు నొప్పే. కానీ ఆ నొప్పి దగ్గరే ఆగిపోయి ఏళ్లుగా ప్రతి మీటింగులో జీవో 3 స్పీచే ఇస్తే, ఈలోపు నోటిఫికేషన్లు వచ్చిపోతున్నాయి.

ఇంకో దారి ఉంది కదా. ఏజెన్సీ ఆసుపత్రిలో పనిచేసే నర్సుకు అక్కడి జనం భాష వచ్చి ఉండాలి, వస్తే దానికి మార్కులు ఇవ్వండి అని అడుగుదాం. గిరిజన ప్రాంతంలో సర్వీసుకు అర పాయింటు ఎక్కువ ఇచ్చినప్పుడు, గిరిజన భాషకు పాయింట్లు ఎందుకు ఇవ్వరు? ఇది కులం చూసి ఇచ్చేది కాదు, పనికి కావలసిన అర్హత. మైదానం నుంచి వచ్చిన సిస్టర్ మన భాష నేర్చుకుంటే ఆమెకూ ఇవ్వండి. మాకు అభ్యంతరం లేదు, మన అవ్వకు మంచిదే. ఇప్పుడు జరిగేది చూస్తే, పాయింట్ల కోసం రెండేళ్లు ఏజెన్సీలో ఉండి, పర్మినెంట్ కాగానే బదిలీ కోసం తిరిగేవాళ్లను మేమే చూశాం. పాయింట్లు మన అడవి నుంచి, సేవ మాత్రం టౌన్లో.

పైగా ఆ 20 మార్కులు రావాలంటే ముందు ఔట్‌సోర్సింగ్ పోస్టు దొరకాలి. అది ఎలా దొరుకుతుందో గ్రూపులో అందరికీ తెలుసు. తెలిసినవాళ్లు ఉండాలి. కాబట్టి ఆ పోస్టులు భర్తీ చేసేటప్పుడే మనోళ్లు కన్నేసి ఉంచాలి. పరీక్ష రోజున కాదు, రెండేళ్ల ముందే ఆట మొదలవుతుంది.

ఇప్పుడు మన సంఘాల సంగతి. కోపం వస్తే రానివ్వండి.

మేము మొదటి ఏడాది తప్పినప్పుడు ఏ సంఘమూ రాలేదు. సర్టిఫికెట్ల కోసం కాలేజీ చుట్టూ తిరిగినప్పుడు ఇద్దరు నాయకులకు ఫోన్ చేశాం. ఒకరు "మాట్లాడతా చెల్లీ" అన్నారు, ఇంకొకరు ఎత్తలేదు. ఉద్యోగం వచ్చిన రోజు మాత్రం నలభై ఫోన్లు. మనం గెలిచిన పిల్లకు చప్పట్లు కొట్టడం నేర్చుకున్నాం, పడిపోతున్న పిల్ల చెయ్యి పట్టుకోవడం నేర్చుకోలేదు. నీట్ ర్యాంకు వచ్చిన పిల్లాడి ఫొటో గ్రూపులో వంద గ్రూపులకు పోతుంది. నర్సింగ్ మానేసి ఇంటికొచ్చిన పిల్ల పేరు ఏ లిస్టులోనూ ఉండదు. ఎంతమంది మానేశారో మనకే లెక్క లేకపోతే, ప్రభుత్వాన్ని ఏ మొహంతో అడుగుతాం?

ఇంకో మాట. ఆడపిల్లలకు నర్సింగ్ చాలు, ఎలాగూ సేవ చేసే పనే కదా అని తేలిగ్గా మాట్లాడేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఒక రాత్రి డ్యూటీ వచ్చి చూడండి, తర్వాత మాట్లాడదాం.

అలాంటి ఒక రాత్రి సంగతి చెప్పి ముగిస్తాం. మొన్న జులైలో, వానలు పడి వాగు పొంగిన రోజు. ఒక ఆశా కార్యకర్త మాలో ఒకరికి ఫోన్ చేసింది. ఎనిమిదో నెల గర్భిణి, కాళ్లు వాచాయి, పొద్దుట నుంచి తలనొప్పి, ఇప్పుడు కళ్లు మసకలు అంటుంది, ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటున్నారు, నేను మాత్రం తీసుకొస్తున్నా, డాక్టరుకు చెప్పి మందు సిద్ధం చెయ్యండి అని. డోలీ కట్టించి వాగు దాటించి రోడ్డు దాకా మోయించింది. అక్కడి నుంచి 108. ఆసుపత్రికి వచ్చేసరికి బీపీ 170/110. ఫిట్స్ రాకముందే డాక్టరు మెగ్నీషియం సల్ఫేట్ రాశారు. ఇచ్చాక మోకాలు తట్టి కదలిక చూస్తూ, ఊపిరి లెక్కపెడుతూ, మూత్రం కొలుస్తూ తెల్లారే దాకా కూర్చున్నాం. పొద్దున్నే పెద్దాసుపత్రికి పంపాం. తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమం.

ఆ ఆశా కార్యకర్త ఎవరో కాదు. ఖాళీ మంచం పిల్ల. బయో సైన్సెస్ రెండుసార్లు తప్పిన పిల్ల.

తలనొప్పి, వాపు, కళ్ల మసకలు మూడూ కలిస్తే ఏమిటో ఆమెకు తెలుసు. దాని పేరు ఇంగ్లిష్‌లో తప్పు లేకుండా రాయడం ఒక్కటే ఆమెకు అప్పట్లో రాలేదు. ఆ రాత్రి ఆ తల్లిని బతికించిన మొదటి చెయ్యి ఎవరిది? ఫ్లెక్సీ మీద ఉండాల్సింది ఎవరు?

కాబట్టి అన్నలారా, మా అడుగుడు ఇదీ.

ఫ్లెక్సీ డబ్బు, శాలువాల డబ్బు, టెంటు డబ్బు కలిపి సప్లిమెంటరీ ఫీజుల నిధి పెట్టండి. మా ముగ్గురి ఒక నెల జీతంలో సగం అందులో వేస్తాం.

మన మండలాల్లో ఏ పిల్ల సర్టిఫికెట్లు ఏ కాలేజీలో ఆగాయో, ఎంత బకాయికి ఆగాయో లిస్టు రాయండి. నోటి మాట వద్దు, కాగితం మీద రాయండి. ఆ లిస్టుతో ఐటీడీఏ గిరిజన దర్బారుకు పోదాం. దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకుందాం. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో చెప్పాలి. తెల్లకార్డు ఉన్నవాళ్లకు ఆ దరఖాస్తుకు ఫీజు కూడా లేదు. మూడో పిల్ల పేరు మొదట రాయండి. ఆమె ఒప్పుకుంది.

కొత్తగా నర్సింగ్‌లో చేరే పిల్లలకు క్లాసులు మొదలవ్వక ముందే ఇంగ్లిష్ మాటలు నేర్పే పని మేము చేస్తాం. ఆదివారం సాయంత్రం ఫోన్లో. ఆ మూడు గడుల నోటుబుక్కు ఫొటోలు తీసి గ్రూపులో పెడతాం. కోయ మాటల్లో తప్పులుంటే పెద్దవాళ్లు దిద్దండి. గోండు, కొలాం పిల్లలు నాలుగో గడి, ఐదో గడి గీసుకోండి.

గిరిజన భాషకు పాయింట్లు కావాలన్న వినతిపత్రం ఆగస్టు 9న స్టేజీ మీద చదవండి. మా పేర్ల బదులు అది చదవండి.

ఖాళీ మంచం పిల్లను మొన్న అడిగాం, మళ్లీ చదువుతావా అని. నవ్వింది. "ఇద్దరు పిల్లల తల్లిని, ఇప్పుడేం చదువు" అంది. కాసేపయ్యాక తనే అడిగింది, "ఆ నోటుబుక్కు ఒకసారి ఇవ్వరా" అని. ఇచ్చాం. పోయిన ఆదివారం తిరిగి తెచ్చింది. మేము ఖాళీగా వదిలేసిన మూడో గడులు పద్దెనిమిది నింపుకొచ్చింది.

ఫొటోలు అడగకండి. లిస్టు పంపండి.

జై ఆదివాసీ.